భూమి అమ్మకంలో మధ్యవర్తి కమీషన్: ఎప్పుడు హక్కు, ఎప్పుడు కాదు

విజయపురి సౌత్: ఇల్లు, స్థలం, పొలం ఏది చేతులు మారినా అమ్మేవారికీ కొనేవారికీ నడుమ మరొకరు ఉండడం సాధారణం. ఊళ్లో ఆయనను మధ్యవర్తి అంటారు, పట్టణంలో బ్రోకరు అంటారు, పాత దస్తావేజుల భాషలో దలాలీ అంటారు. పార్టీని వెతకడం, సైటు చూపించడం, బేరం కుదర్చడం, బయానా ఇప్పించడం, చివరకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయం వరకు ఇరువురినీ తీసుకురావడం ఆయన పని. ఈ పనికి ప్రతిఫలంగా వచ్చేదే కమీషన్. అయితే నెలల తరబడి తిరిగిన తరువాత ‘మేం మేమే మాట్లాడుకున్నాం, నీకు ఇచ్చేది లేదు’ అన్న మాట విన్నవారు ఎందరో ఉన్నారు. అటువైపు, అడిగింది ఒక శాతమైతే తీరా రిజిస్ట్రేషన్ రోజున రెండు శాతం ఇస్తేనే కాగితాలు కదులుతాయని పట్టుబట్టిన మధ్యవర్తుల వల్ల ఇబ్బంది పడిన యజమానులూ ఉన్నారు. ఈ తగాదాల్లో చట్టం ఎవరి పక్షాన నిలుస్తుంది, కమీషన్ ఏ క్షణంలో హక్కుగా మారుతుంది, ఏ తప్పు చేస్తే ఆ హక్కు పోతుంది అన్న అంశాలను ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ప్రత్యేక చట్టం లేదు

ఇంటి స్థలాలు, పొలాలు, పాత ఇళ్ల పునర్విక్రయంలో మధ్యవర్తికి ఇంత కమీషన్ ఇవ్వాలని నిర్దేశించే చట్టం మన రాష్ట్రంలో లేదు. ఒక శాతం, రెండు శాతం అన్న మాటలు వాడుకలో ఉన్నవే తప్ప చట్టం విధించినవి కావు. కమీషన్ తగాదాలన్నిటికీ ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులో ఏజెన్సీకి సంబంధించిన పదో అధ్యాయమే (182 నుంచి 238 వరకు సెక్షన్లు) మధ్యవర్తికీ యజమానికీ గల సంబంధాన్ని నిర్ణయిస్తుంది.

ఒకరి తరఫున పని చేయడానికి నియమితుడైన వ్యక్తి ఏజెంటు, నియమించినవాడు ప్రిన్సిపల్ అని 182వ సెక్షన్ చెబుతోంది. నియామకం రాతపూర్వకంగానే ఉండాలన్న నిబంధన లేదు. నోటి మాటతోనూ, పరిస్థితులను బట్టీ ఏర్పడవచ్చునని 186, 187 సెక్షన్లు స్పష్టం చేస్తున్నాయి. కనుక ‘కాగితం లేదు కాబట్టి కమీషన్ లేదు’ అన్న వాదన చట్టం ముందు నిలవదు. అయితే నోటి మాటను రుజువు చేయవలసిన భారం కమీషన్ అడిగేవారి మీదే పడుతుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఇంకొక సంగతి గమనార్హం. ఎవరూ నియమించకుండానే తనంతట తాను కొనుగోలుదారును వెంటబెట్టుకొని వచ్చిన వ్యక్తి మధ్యవర్తి కాజాలడు. యజమాని అడిగాడా, లేక ‘సరే, తీసుకురండి, చూద్దాం’ అని అంగీకరించాడా అన్నది మొదట తేలవలసిన ప్రశ్న. అడగకపోయినా ఒకరు ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పని వల్ల మరొకరు లాభం పొందితే, ఆ లాభం పొందినవారు తగిన పరిహారం ఇవ్వాలని అదే చట్టంలోని 70వ సెక్షన్ చెబుతోంది. శాతం ఖరారు కాకుండానే పని పూర్తయిన సందర్భాల్లో సమంజసమైన మొత్తం కోరడానికి ఈ సెక్షన్ ఉపకరిస్తుంది.

కమీషన్ ఎప్పుడు ఇవ్వాలి

ఇందుకు సమాధానం 219వ సెక్షన్‌లో ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తయ్యే వరకు ఏజెంటుకు ప్రతిఫలం చెల్లించవలసిన అవసరం రాదని ఆ సెక్షన్ సారాంశం. ఇక్కడ ‘పని’ అంటే ఏమిటన్నదే కీలకం. కొనుగోలుదారును తీసుకురావడం వరకేనా, బయానా ఇప్పించి అగ్రిమెంటు రాయించడం వరకా, రిజిస్ట్రేషన్ పూర్తయ్యే వరకా అన్నది ఇద్దరి మధ్య కుదిరిన మాటను బట్టి ఉంటుంది. ఒక్క పదం తేడాతో వేల రూపాయలు, ఒక్కోసారి లక్షలు అటో ఇటో అవుతాయి. ఇందుకు మన సుప్రీంకోర్టు తొలి ఏడాదిలో వెలువడిన తీర్పే మంచి నిదర్శనం.

కలకత్తా ఇంటి కేసు

కలకత్తాలోని అమ్రతల్లా వీధిలో గల ఒక ఇంటిని అమ్మిపెట్టమని దాని యజమాని 1943 మే నెలలో ఒక బ్రోకరుకు కమీషన్ లేఖ ఇచ్చారు. ధర లక్ష రూపాయలకు తగ్గరాదు. ఆ ధరకు కొనుగోలుదారును సంపాదిస్తే వెయ్యి రూపాయలు ఇస్తారు. ధర లక్షా ఐదు వేలు దాటి లక్షా పది వేల వరకు వస్తే, లక్షా ఐదు వేల పైన వచ్చిన మొత్తం కూడా బ్రోకరుదే. లేఖకు గడువు ఒక నెల. ఆ గడువులోనే బ్రోకరు లక్షా పది వేలకు కొనేవారిని చూపించారు. అంటే లేఖ ప్రకారం ఆయనకు రావలసినది ఆరు వేల రూపాయలు. అటు తరువాత యజమాని బ్రోకరు అధికారాన్ని రద్దు చేశారు. చివరకు ఆ కొనుగోలుదారుల తరఫు వారికే తక్కువ ధర మీద ఇల్లు దఖలు పడింది. బ్రోకరు కమీషన్ కోసం దావా వేశారు.

అబ్దుల్లా అహ్మద్ వర్సెస్ అనిమేంద్ర కిషన్ మిత్తర్ పేరిట ప్రసిద్ధమైన ఈ కేసులో సుప్రీంకోర్టు 1950లో బ్రోకరు పక్షాన తీర్పు ఇచ్చింది. లేఖలో ఉన్న మాట ‘కొనుగోలుదారును సంపాదిస్తే’ అని. గడువులోగా, కోరిన ధరకు, కొనగల శక్తీ సిద్ధతా ఉన్న వ్యక్తిని బ్రోకరు తెచ్చి నిలబెట్టారు. కనుక ఆయన పని పూర్తయింది, ఆ తరువాత యజమాని మనసు మార్చుకున్నా కమీషన్ ఎగవేయజాలడు అన్నది తీర్పు సారం.

అదే తీర్పులో యజమానులకు ధైర్యమిచ్చే అంశం కూడా ఉంది. ఇంటిని అమ్మిపెట్టమన్నంత మాత్రాన యజమాని తరఫున విక్రయ ఒప్పందంపై సంతకం చేసే అధికారం బ్రోకరుకు వచ్చినట్లు కాదని న్యాయస్థానం పేర్కొంది. స్థిరాస్తి విషయంలో హక్కు పత్రాల పరిశీలన, షరతులు, గడువులు వంటివి ఎన్నో ఉంటాయి. అవి తేల్చుకోవలసినది యజమానే. మధ్యవర్తి తానుగా ఖరారు చేసిన బేరానికి యజమాని కట్టుబడనక్కర లేదు.

పది వేల పౌండ్ల పాఠం

దీనికి భిన్నమైన ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. రెండు సినిమా హాళ్ల అమ్మకం కుదిర్చితే పది వేల పౌండ్లు ఇస్తామని ఒక సంస్థ మాట ఇచ్చింది. అయితే ఆ మొత్తం ‘విక్రయం పూర్తయినప్పుడు’ ఇవ్వాలన్నది షరతు. ఏజెంటు కొనుగోలుదారును తెచ్చారు. యజమానులు అమ్మకం విరమించుకున్నారు. లక్సర్ వర్సెస్ కూపర్ అనే ఈ కేసు 1941 నాటి న్యాయ నివేదికలలో చోటు చేసుకుంది. ఏజెంటుకు ఏమీ రాదని ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం తేల్చింది. పూర్తయితేనే ఇస్తామన్నప్పుడు, పూర్తి కాకపోతే కలిగే నష్టం ఏజెంటుదేనని, అమ్మి తీరాలన్న బాధ్యతను యజమాని మీద రుద్దలేమని వివరించింది.

రెండు కేసుల్లోనూ మధ్యవర్తి కష్టం ఒకటే, కొనుగోలుదారు రావడమూ నిజమే. ‘సంపాదిస్తే’ అన్న చోట డబ్బు వచ్చింది, ‘పూర్తయితే’ అన్న చోట రాలేదు. కమీషన్ కాగితం రాసుకునేవారు మొదట చూసుకోవలసినది ఈ మాటనే.

ఫోనులో మాట్లాడుకున్నా చెల్లుతుంది

కాగితం లేని బేరాలకు ఇటీవలి ఉదాహరణ 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన వెల్స్ వర్సెస్ దేవానీ తీర్పు. అమ్ముడుపోని ఫ్లాట్ల యజమానికీ ఏజెంటుకూ 2008 జనవరిలో ఫోనులో మాట జరిగింది. రెండు శాతం కమీషన్ అని ఏజెంటు చెప్పారు. ఎప్పుడు ఇవ్వాలన్న ప్రస్తావన రాలేదు. ఏజెంటు చూపిన గృహ సంస్థ 21 లక్షల పౌండ్లకు మిగిలిన ఫ్లాట్లు కొనుగోలు చేసింది. చెల్లింపు సమయం చెప్పలేదు కనుక ఒప్పందమే లేదని యజమాని వాదించారు. వ్యవహారం తెలిసిన ఇద్దరు మాట్లాడుకున్నప్పుడు విక్రయం పూర్తయినపుడు వచ్చిన సొమ్ములో నుంచి ఇవ్వాలన్నది సహజంగానే అర్థమవుతుందని న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. అయితే కమీషన్ షరతులను సకాలంలో రాతపూర్వకంగా ఇవ్వలేదన్న కారణంతో కింది కోర్టు ఆ ఏజెంటు కమీషన్‌లో మూడో వంతు కోత విధించింది. అక్కడ 1979 నాటి ఎస్టేట్ ఏజెంట్ల చట్టం ఆ విధంగా రాతను తప్పనిసరి చేసింది. విదేశీ తీర్పులు మన కోర్టులను కట్టడి చేయవు గానీ, మన కాంట్రాక్టు చట్టం మూలాలు ఇంగ్లండువే కావడంతో న్యాయవాదులు వాటిని ప్రస్తావించడం పరిపాటి.

యజమాని సొంతంగా అమ్ముకుంటే

అధికారం వినియోగించక మునుపు యజమాని ఎప్పుడైనా దానిని ఉపసంహరించుకోవచ్చునని 203వ సెక్షన్ చెబుతోంది. ఉపసంహరణ నోటితో చెప్పి చేయవచ్చు, నడతతోనూ చేయవచ్చు. ఇంటిని అద్దెకు ఇప్పించమని ఒకరికి అప్పగించి, ఆ తరువాత యజమాని తానే అద్దెకు ఇచ్చుకుంటే అది రద్దు కింద లెక్క అని చట్టంలోని 207వ సెక్షన్ కింద ఉదాహరణే ఇచ్చారు. కాబట్టి మధ్యవర్తికి చెప్పినప్పటికీ, ఆయన ప్రమేయం ఏమాత్రం లేని కొనుగోలుదారుకు యజమాని స్వయంగా అమ్ముకుంటే సాధారణంగా కమీషన్ ఇవ్వవలసిన పని లేదు.

అయితే రెండు మినహాయింపులు ఉన్నాయి. మొదటిది, ఇన్ని నెలల పాటు నీకే అప్పగిస్తున్నానని మాట ఇచ్చి, సరైన కారణం లేకుండా మధ్యలో రద్దు చేస్తే 205వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం ఇవ్వవలసి ఉంటుంది. సహేతుకమైన నోటీసు ఇవ్వాలని 206వ సెక్షన్ సూచిస్తోంది. రెండవది, మధ్యవర్తి చూపించిన పార్టీతోనే యజమాని వెనుక దారిన బేరం కుదుర్చుకోవడం. పల్లెల్లో ఎక్కువ గొడవలు దీని చుట్టూనే తిరుగుతుంటాయి. సైటు చూసి వెళ్లిన మనిషి వారం తరువాత నేరుగా యజమాని ఇంటికి వచ్చి, ‘బ్రోకరుకు ఇచ్చేది మనమిద్దరం పంచుకుందాం’ అంటాడు. ఇటువంటి చోట, ఆ విక్రయానికి అసలు కారణం ఎవరన్నది కోర్టు చూస్తుంది. మధ్యవర్తి పరిచయమే విక్రయానికి దారితీసిందని రుజువైతే, చివరి బేరంలో ఆయన లేకపోయినంత మాత్రాన హక్కు పోదు.

ఇద్దరు ముగ్గురు మధ్యవర్తులు ఉన్నప్పుడు కూడా ఇదే కొలమానం. ఒకరు సైటు చూపించి వదిలేయగా, మరొకరు ధర తేల్చి అగ్రిమెంటు వరకు నడిపించవచ్చు. మొదటివారి ప్రయత్నం అక్కడితో ఆగిపోయిందా, లేక అదే కొనసాగి విక్రయంగా ముగిసిందా అన్నది సాక్ష్యాలను బట్టి తేలుతుంది. ఒకే అమ్మకానికి ఇద్దరికీ పూర్తి కమీషన్ ఇవ్వవలసి వచ్చే ప్రమాదం యజమానికి లేకపోలేదు. అందుకే ఎవరెవరికి అప్పగించారో, వారిలో ఎవరు ఏ పార్టీని తెచ్చారో యజమాని రాసి పెట్టుకోవడం శ్రేయస్కరం.

అగ్రిమెంటు రాశాక బేరం చెడితే

బయానా ఇచ్చిన కొనుగోలుదారు మిగతా సొమ్ము సమకూర్చలేక వెనక్కు తగ్గడం, యజమాని ఎక్కువ ధరకు ఆశపడి అగ్రిమెంటు కాదనడం, పత్రాల్లో లొసుగు బయటపడడం వంటివి తరచూ జరిగేవే. ఆస్తి బదిలీ చట్టంలోని 54వ సెక్షన్ ప్రకారం విక్రయ ఒప్పందం దానంతట అదే ఆస్తిపై హక్కు కల్పించదు. రిజిస్టరు దస్తావేజుతోనే విక్రయం పూర్తవుతుంది. అందువల్ల ‘అమ్మకం జరిగితే కమీషన్’ అని మాట్లాడుకున్న చోట, అగ్రిమెంటు దశలో చెడిన బేరానికి మధ్యవర్తి పూర్తి కమీషన్ అడగడం కష్టం. ‘అగ్రిమెంటు రోజున సగం, రిజిస్ట్రేషన్ రోజున సగం’ అని ముందే అనుకున్న చోట మొదటి సగం ఆయనదే. ఈ పద్ధతిలో ఉభయులకూ న్యాయం జరుగుతుంది.

హక్కు పోయే సందర్భాలు

తప్పుడు నడత గల ఏజెంటుకు, ఆ తప్పు జరిగిన మేరకు ప్రతిఫలం దక్కదని 220వ సెక్షన్ హెచ్చరిస్తోంది. మధ్యవర్తులు తెలిసో తెలియకో చేసే తప్పులు ప్రధానంగా మూడు.

మొదటిది, రహస్య లాభం. యజమాని ఎకరం 12 లక్షలకు ఇస్తానంటే, కొనేవారికి 14 లక్షలని చెప్పి మధ్యలో రెండు లక్షలు మిగుల్చుకోవడం. ‘నా ధర ఇంత, పైన ఎంత వచ్చినా నీదే’ అని యజమాని స్వయంగా చెబితే అది ఒప్పందమే. కలకత్తా లేఖలోనూ అటువంటి ఏర్పాటు కనిపిస్తుంది. యజమానికి తెలియకుండా చేసినప్పుడు మాత్రం ఆ లాభాన్ని రాబట్టుకునే హక్కు యజమానికి ఉంటుంది.

రెండవది, తానే కొనడం. యజమానికి చెప్పకుండా తన పేరిట గానీ, బంధువుల పేరిట గానీ మధ్యవర్తి కొనుగోలు చేస్తే, ముఖ్యమైన సంగతి దాచినట్లు గానీ, తనకు నష్టం కలిగినట్లు గానీ తేలిన పక్షంలో యజమాని ఆ వ్యవహారాన్ని కాదనవచ్చునని 215వ సెక్షన్, అందులో వచ్చిన లాభాన్ని కోరవచ్చునని 216వ సెక్షన్ చెబుతున్నాయి.

మూడవది, రెండు వైపులా కమీషన్ తీసుకుంటూ ఒకరికి తెలియకుండా మరొకరి దగ్గర పుచ్చుకోవడం. ఉభయులకూ తెలిసి, ఉభయులూ సమ్మతించి ఇస్తే అభ్యంతరం లేదు. దాచి తీసుకుంటే విశ్వాసం చెడుతుంది, హక్కూ ప్రశ్నార్థకమవుతుంది.

అమ్మకూడని భూమి అయితే

విజయపురి సౌత్ వంటి ఊళ్లకు ఈ అంశం మరీ ముఖ్యం. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు కారణంగా కుడి గట్టున వెలసిన ఊరిది. ప్రాజెక్టు అవసరాలకు కేటాయించిన భూమి, ప్రభుత్వ క్వార్టర్లు ఒకవైపు, పులుల అభయారణ్యానికి చెందిన అటవీ భూములు మరోవైపు ఉన్న ప్రాంతంలో ప్రైవేటు పట్టా భూమి ఏది, కానిది ఏది అన్నది ముందుగా తేలాలి. ప్రభుత్వ క్వార్టరులో ఎన్నేళ్లు నివసించినా, యాజమాన్య హక్కు ఇవ్వనంత వరకు దానిని అమ్మే అధికారం నివాసికి ఉండదు. ‘చేతి కాగితం’ మీద జరిగే అటువంటి బేరాల్లో కొనేవారు సొమ్ము పోగొట్టుకునే ప్రమాదం పూర్తిగా ఉంది.

నిరుపేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు గడిచిన అసైన్డు భూములకు షరతులతో సడలింపు ఇచ్చారు. 2024లో ఆ విధంగా విముక్తి పొందిన భూముల రిజిస్ట్రేషన్లను ప్రభుత్వం నిలిపివేసి పరిశీలనకు పూనుకుంది. కాబట్టి అటువంటి భూమి విషయంలో అడుగు వేసే ముందు తహసీల్దారు కార్యాలయంలోనూ, రిజిస్ట్రేషన్ శాఖ వారి 22-ఎ నిషేధిత జాబితాలోనూ ఆ రోజు నాటి స్థితి చూసుకోవడం తప్పనిసరి.

చట్టం నిషేధించిన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. అమ్మకూడదని తెలిసి కూడా అమ్మించిన మధ్యవర్తి కమీషన్ కోసం కోర్టు మెట్లెక్కితే అక్కడ ఆదరణ లభించడం కష్టం. పైగా కొన్నవారు మోసపోయామని ఫిర్యాదు చేస్తే ఆయన కూడా నిందితుల జాబితాలో చేరవచ్చు.

లేఅవుట్ ప్లాట్లకు రెరా

కొత్త లేఅవుట్లు, అపార్టుమెంట్ల విషయం వేరు. 2016లో పార్లమెంటు ఆమోదించిన రియల్ ఎస్టేట్ నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) మధ్యవర్తులను తొలిసారిగా దేశవ్యాప్త చట్టం పరిధిలోకి తెచ్చింది. దాని ప్రధాన నిబంధనలు 2017 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టులోని ప్లాటును గానీ, ఫ్లాటును గానీ అమ్మించే ఏజెంటు తాను కూడా రెరాలో నమోదు కావాలని 9వ సెక్షన్ నిర్దేశిస్తోంది. తాను కుదిర్చే ప్రతి విక్రయంలో ఆ నమోదు సంఖ్యను ఉదహరించాలి. నమోదు కావలసి ఉండి కాని ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మించరాదని, లెక్కల పుస్తకాలు నిర్వహించాలని 10వ సెక్షన్ చెబుతోంది. ఉల్లంఘించిన ఏజెంటుకు రోజుకు పది వేల రూపాయల చొప్పున, ఆ ప్లాటు ధరలో ఐదు శాతం వరకు జరిమానా విధించవచ్చు.

500 చదరపు మీటర్లకు (సుమారు 598 గజాలు) మించని స్థలంలో, లేదా ఎనిమిదికి మించని ఫ్లాట్లతో చేపట్టే ప్రాజెక్టులకు నమోదు నుంచి మినహాయింపు ఉంది. ఒక రైతు తన ఎకరం పొలాన్ని మరొక రైతుకు అమ్ముకోవడం, ఒక కుటుంబం తన పాత ఇంటిని విక్రయించడం రెరా పరిధిలోకి రావు. అక్కడ మధ్యవర్తికి నమోదు అక్కర లేదు. రెరా చట్టం కూడా కమీషన్ శాతాన్ని నిర్ణయించలేదన్నది గుర్తుంచుకోవాలి.

లెక్క ఎలా కట్టాలి

ఉదాహరణకు 40 లక్షల రూపాయల ఇంటికి రెండు శాతం కమీషన్ అంటే 80 వేలు. మధ్యవర్తి జీఎస్టీ కింద నమోదై ఉంటే దానిపై 18 శాతం, అంటే 14,400 రూపాయలు అదనం. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవరు దాటని మధ్యవర్తి జీఎస్టీ నమోదు పొందనవసరం లేదు. నమోదు లేనివారు ఆ పేరిట వసూలు చేయరాదు. కమీషన్ పన్నుతో కలిపా, పన్ను అదనమా అన్నది ముందే తేల్చుకోవాలి.

దస్తావేజులో 25 లక్షలు చూపి, లోపల 40 లక్షలకు బేరం జరిగిన చోట మరో చిక్కు వస్తుంది. దస్తావేజు విలువ మీదైతే కమీషన్ 50 వేలు, అసలు ధర మీదైతే 80 వేలు. తేడా 30 వేలు రాబట్టుకోవాలంటే మధ్యవర్తి కోర్టులో అసలు ధర రుజువు చేయాలి. అంటే విలువ తగ్గించి రాయించిన వ్యవహారాన్ని ముగ్గురూ బయటపెట్టుకున్నట్లే. స్టాంపు సుంకం, ఆదాయపు పన్ను చిక్కులు అందరికీ చుట్టుకుంటాయి. అసలు ధరనే దస్తావేజులో చూపడం ఇందుకు ఏకైక పరిష్కారం.

యజమాని చెల్లించిన కమీషన్‌కు రసీదు ఉంటే, మూలధన లాభంపై ఆదాయపు పన్ను లెక్కించేటప్పుడు దానిని విక్రయ ఖర్చుగా చూపుకోవచ్చు. బ్యాంకు ద్వారా చెల్లించి రసీదు తీసుకోవడం యజమానికే లాభం.

కాగితాలు పట్టి ఉంచవచ్చా

యజమాని తరఫున తన చేతికి వచ్చిన సొమ్ములో నుంచి తనకు న్యాయంగా రావలసిన కమీషన్‌ను ఏజెంటు మినహాయించుకోవచ్చునని 217వ సెక్షన్, బాకీ తీరే వరకు తన వద్ద ఉన్న పత్రాలను అట్టిపెట్టుకోవచ్చునని 221వ సెక్షన్ చెబుతున్నాయి. అయితే ఈ హక్కు కమీషన్ చెల్లించవలసిన సమయం వచ్చాక మాత్రమే వర్తిస్తుంది. పని పూర్తి కాకముందే బయానా సొమ్ము పట్టుకోవడం, ఒప్పుకున్న దానికన్నా ఎక్కువ ఇస్తేనే లింకు దస్తావేజులు ఇస్తాననడం ఈ సెక్షన్ల నీడలోకి రావు. అది తగాదాను పోలీసు స్టేషను వరకు తీసుకువెళ్తుంది. యజమానులు మధ్యవర్తికి అసలు దస్తావేజులు ఇవ్వకుండా నకళ్లు మాత్రమే ఇవ్వడం ఉత్తమం.

కోర్టుకు వెళ్లవలసి వస్తే

కమీషన్ బాకీ సివిల్ వ్యవహారం. ముందుగా న్యాయవాది ద్వారా నోటీసు పంపి, స్పందన లేకపోతే ప్రతివాది నివాసం ఉన్న లేదా వ్యాజ్య కారణం తలెత్తిన పరిధిలోని సివిల్ కోర్టులో సొమ్ము దావా వేయాలి. ఈ ప్రాంతం వారికి మాచర్లలోని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు దగ్గర. గడువు మూడేళ్లు. చెల్లింపు సమయం అనుకోని పనుల విషయంలో, పని పూర్తయిన నాటి నుంచి ఈ మూడేళ్లు లెక్కిస్తారు. గడువులోగా బాకీని ఒప్పుకుంటూ యజమాని సంతకం చేసిన ఉత్తరం ఉన్నా, కొంత సొమ్ము చెల్లించి అందుకు రాత ఉన్నా అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు వస్తాయి.

సాక్ష్యంగా ఫోను సందేశాలు, వాట్సాప్ సంభాషణలు, పంపిన ఫొటోలు పనికి వస్తాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం వాటికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ఫోను మార్చినా పాత ఫోనును పారవేయరాదు. సైటు చూపించిన రోజు వెంట ఉన్నవారు, బయానా సమయంలో ఉన్న పెద్దమనుషులు సాక్షులుగా నిలుస్తారు. విక్రయ అగ్రిమెంటులో సాక్షి సంతకం మధ్యవర్తిదే అయితే ఆయన ప్రమేయానికి అంతకు మించిన రుజువు ఉండదు.

చిన్న మొత్తాలకు లోక్ అదాలత్ మేలు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం అక్కడి రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు ఉండదు. పెండింగు దావా అక్కడ పరిష్కారమైతే చెల్లించిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. ఇక రుసుము పుచ్చుకొని తప్పుడు సమాచారం ఇచ్చిన మధ్యవర్తిపై కొనుగోలుదారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

యజమాని మరణించినా, మధ్యవర్తి మరణించినా ఏజెన్సీ ముగుస్తుందని 201వ సెక్షన్ చెబుతోంది. అయితే అప్పటికే సంపాదించుకున్న కమీషన్ బాకీగా మిగులుతుంది. మధ్యవర్తి వారసులు దానిని అడగవచ్చు. యజమాని వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు దానికి బాధ్యులు.

కాగితంలో ఏముండాలి

కమీషన్ ఒప్పందానికి రిజిస్ట్రేషన్ అక్కర లేదు. తగిన స్టాంపు కాగితంపై రాసుకుంటే చాలు. స్టాంపు లోపం ఉన్న కాగితాన్ని కోర్టు సుంకం, జరిమానా కట్టించుకున్న తరువాతే సాక్ష్యంగా స్వీకరిస్తుంది. నమూనా ఈ విధంగా ఉండవచ్చు:

‘........ గ్రామం, సర్వే నెంబరు ........లో గల ........ విస్తీర్ణం నా సొంత ఆస్తి. దీనిని రూ. ........కు తగ్గకుండా అమ్మిపెట్టుటకు ........ గారిని నేటి నుంచి ........ నెలల కాలానికి నియమించుచున్నాను. వారు చూపిన కొనుగోలుదారుకు విక్రయం జరిగినచో వాస్తవ విక్రయ ధరపై ........ శాతం కమీషన్ ఇవ్వగలను. ఇందులో సగం విక్రయ అగ్రిమెంటు నాడు, మిగతా సగం రిజిస్ట్రేషన్ నాడు చెల్లించగలను. పన్ను ఉన్నచో అది ఇందులో కలిసినది / అదనము. వారు చూపిన కొనుగోలుదారుకు గడువు ముగిసిన ........ నెలలలోపు నేను నేరుగా విక్రయించినను కమీషన్ ఇవ్వగలను. నేను స్వయంగా వెతికిన కొనుగోలుదారుకు విక్రయించినచో కమీషన్ ఉండదు. కొనుగోలుదారు నుంచి కమీషన్ తీసుకొనినచో ఆ సంగతి నాకు ముందుగా తెలుపవలెను. నా తరఫున అగ్రిమెంటుపై సంతకం చేయుటకు గానీ, బయానా స్వీకరించుటకు గానీ వారికి అధికారం లేదు.’

దిగువన ఉభయుల సంతకాలు, తేదీ, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. సైటు చూపించిన ప్రతిసారీ వచ్చినవారి పేరు, తేదీ ఒక పుస్తకంలో రాసి, ఆ వివరాన్ని యజమాని ఫోనుకు సందేశంగా పంపడం మధ్యవర్తికి రక్షణ. అసలు పత్రాలు, ఈసీ, అడంగల్, 1-బి తానే స్వయంగా సరిచూసుకోవడం కొనేవారికి రక్షణ. ‘అమ్మిపెడితే అంతా జీపీఏ రాసిస్తా’ అనే బేరాలకు ఎవరూ పోరాదు. జీపీఏ ద్వారా యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చి చెప్పిన సంగతి విదితమే.

ఒక ఊరిలో మధ్యవర్తిగా బతికేవారికి పేరే పెట్టుబడి. ఒక కుటుంబానికి ఇల్లు, పొలం అమ్మడమన్నది తరానికి ఒకసారి వచ్చే వ్యవహారం. ఇరువురికీ మొహమాటం సహజం, తెలిసినవాళ్లమే కదా అన్న భరోసా కూడా సహజం. ఆ మొహమాటాన్ని పక్కనపెట్టి శాతం ఎంత, ఎప్పుడు ఇవ్వాలి, బేరం చెడితే ఏమిటి అన్న మూడు మాటలు బేరానికి ముందే కాగితం మీద పెట్టుకుంటే, రిజిస్ట్రేషన్ కార్యాలయం మెట్ల మీద మాట పెరిగే పరిస్థితి రాదు.